గుంట మగ్గాల గదుల్లో తీయడానికి పెంటాక్స్ కె1000కు ఏ వైడ్ యాంగిల్ లెన్సు తగినది?

ప్రశ్న (నెల్లూరు నుంచి)

పెద్దలందరికీ నమస్కారం. నా దగ్గర పెంటాక్స్ కె1000 కెమెరా, దానితో పాటు వచ్చిన 50 ఎంఎం ఎఫ్/2 లెన్సు ఉన్నాయి. ఇది మా మేనమామ గారి కెమెరా. స్టూడియో నడిపిన రోజుల్లో ఆయన దీనిని పెళ్లిళ్లకు వాడేవారు. షట్టరు, వెలుతురు కొలిచే మీటరు ఇప్పటికీ సరిగానే పనిచేస్తున్నాయి.

పాటూరు, వెంకటగిరి నేతకారుల ఇళ్లలో ఉన్న గుంట మగ్గాలను నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీయాలని నా కోరిక. మగ్గం ఒక్కటే కాకుండా, గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న నేతకారుడు, ఆయన ముందు చాచి ఉన్న పడుగు (పొడవు దారాలు), పక్కన నూలు కండెలు చుట్టే ఇల్లాలు, పైన దూలాలు అన్నీ ఒకే చిత్రంలో కనిపించాలి. ఆ గదులు ఎంత ఇరుకంటే, గోడకు వీపు ఆనించి నిలబడినా 50 ఎంఎం లెన్సులో సగం మగ్గమే పడుతున్నది. అందుకని ఒక పాత మాన్యువల్ వైడ్ యాంగిల్ లెన్సు కొనాలనుకుంటున్నాను.

35, 28, 24 ఎంఎం లెన్సులలో ఏది ఎంచుకోవాలో తేల్చుకోలేకపోతున్నాను. చీకటి గదులకు ఎక్కువ వెలుతురు రానిచ్చే ఎఫ్/2.8 తప్పనిసరా, కొంచెం తక్కువ రానిచ్చే ఎఫ్/3.5 సరిపోతుందా? మా మేనమామ గారి పెట్టెలోనే పాత జెనిట్ కెమెరాతో పాటు స్క్రూ మౌంట్ (మరలాగా తిప్పి బిగించే) మిర్-1 అనే 37 ఎంఎం రష్యన్ లెన్సు కూడా ఉన్నది. దానిని కె1000కు తగిలించే వీలుందా? మరొక విషయం: ఒంగోలులో ఉండే మా అన్నయ్య నికాన్ ఎఫ్ఎం2 వాడతారు. మా ఇద్దరికీ పనికివచ్చే లెన్సు ఏదైనా ఉంటే ఖర్చు పంచుకోవచ్చునని ఆయన అంటున్నారు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు (కావలి నుంచి)

నమస్కారం బాబూ. చాలా మంచి పని తలపెట్టారు. లెన్సు పేరు గురించి ఆలోచించే ముందు ఒక టేపు తీసుకొని ఆ గదులు కొలవండి. ఎన్ని ఎంఎం కావాలన్నది దుకాణంలో కన్నా ఆ గదిలోనే బాగా తేలుతుంది.

మన ఫిల్మ్ మీద ఒక ఫ్రేము 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. మీరు నిలబడిన చోటు నుంచి వస్తువుకు ఉన్న దూరాన్ని 36తో హెచ్చవేసి, లెన్సు ఎంఎం అంకెతో భాగిస్తే, ఆ దూరంలో ఎంత వెడల్పు చిత్రంలో పడుతుందో వస్తుంది. పది అడుగుల దూరంలో 50 ఎంఎం లెన్సు ఏడు అడుగుల పైచిలుకు వెడల్పును మాత్రమే చూస్తుంది. అదే చోటు నుంచి 35 ఎంఎం పది అడుగులకు కొంచెం పైన, 28 ఎంఎం దాదాపు పదమూడు అడుగులు, 24 ఎంఎం పదిహేను అడుగులు, 20 ఎంఎం పద్దెనిమిది అడుగులు చూస్తాయి. అయితే ఈ లెక్క వస్తువు ఉన్న దూరానికే వర్తిస్తుందని గుర్తు పెట్టుకోండి. మగ్గం పొడవుగా మీ వైపుకు చాచి ఉంటే, మీకు దగ్గరగా ఉన్న కొస నాలుగైదు అడుగులలోనే ఉంటుంది కాబట్టి అక్కడ పడే వెడల్పు సగానికి సగం తగ్గిపోతుంది.

మీరు చెప్పిన గదులకు నా మాట 28 ఎంఎం. 24 ఎంఎం ఇంకా ఎక్కువ చూపిస్తుంది, నిజమే. కాని మీ చిత్రాలలో మనుషులు ముఖ్యం. వైడ్ యాంగిల్ లెన్సు సరళ రేఖలను సరళ రేఖలుగానే చదునైన ఫిల్మ్ మీద పరుస్తుంది. అలా పరచడంలో అంచుల దగ్గర ఉన్న ప్రతి వస్తువూ బయటి వైపుకు సాగుతుంది. దూలం సాగితే ఎవరికీ తెలియదు, ముఖం సాగితే మాత్రం చూసేవారికి ఇబ్బందిగా ఉంటుంది. లెన్సులో లోపం వల్ల జరిగేది కాదిది, కోణం పెరిగిన కొద్దీ ఎంత ఖరీదైన లెన్సులోనైనా ఇది ఉంటుంది. 28 ఎంఎంలో నేతకారుడిని ఫ్రేము మధ్య భాగంలో ఉంచి, అంచులకు మగ్గం చెక్కలు, గోడలు వచ్చేలా చూసుకుంటే ఈ సాగుడు కంటికి తెలియదు. 24 ఎంఎంలో ఆ జాగ్రత్త రెట్టింపు కావాలి, పైగా కండెలు చుట్టే ఆవిడ తప్పకుండా అంచులోనే ఉంటారు.

ఇంకొక మాట. గుంట మగ్గం దగ్గర నేతకారుడు నేల మట్టానికి కూర్చుంటాడు. మీరు నిలబడి కెమెరాను కిందికి వంచి తీస్తే గది స్తంభాలు, మగ్గం నిలువు చెక్కలు కిందికి పోయేకొద్దీ ఒకదాని వైపు ఒకటి ఒరిగినట్టు వస్తాయి. 50 ఎంఎంలో ఇది అంతగా కనిపించదు, 28 ఎంఎంలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నేల మీద కూర్చోండి. కెమెరా ఆయన కంటి ఎత్తులో, నేలకు రెండు రెండున్నర అడుగుల పైన, ఎటూ వంచకుండా ఉండాలి. వ్యూఫైండరు నిలువు అంచును ఏదో ఒక స్తంభంతో సరిచూసుకుంటే చాలు.

ఇక లెన్సుల సంగతి. మీ కెమెరాకు లెన్సు బిగించే అమరికను, అంటే కె మౌంటును, పెంటాక్స్ వారు 1975లో తెచ్చారు. ఆ మొదటి వరసలో వచ్చిన 28 ఎంఎం ఎఫ్/3.5 లెన్సు కొంచెం పెద్దది, ఫిల్టరు 52 ఎంఎం. తరువాత ఎం వరసలో 28 ఎంఎం ఎఫ్/2.8, ఎఫ్/3.5 రెండూ వచ్చాయి. ఇవి చిన్నవి, ఫిల్టరు 49 ఎంఎం. ఆ తరువాత వచ్చిన ‘ఏ’ (A) అనే వరస లెన్సులు కూడా మీ కెమెరాకు చక్కగా సరిపోతాయి, ఎందుకంటే వాటికి అపర్చర్ రింగు (వెలుతురు వచ్చే రంధ్రాన్ని చిన్నది, పెద్దది చేసేది) ఉన్నది. రింగు లేని ఇటీవలి పెంటాక్స్ లెన్సులను మాత్రం ఎవరు ఎంత చౌకగా ఇస్తామన్నా తీసుకోవద్దు. అవి కె1000 మీద అపర్చర్ మార్చుకోవడానికి వీలివ్వవు.

ఎఫ్/2.8కు, ఎఫ్/3.5కు మధ్య తేడా స్టాపులో (వెలుతురు రెట్టింపో సగమో అయ్యే ఒక మెట్టులో) మూడింట రెండు వంతులు. చిత్రం మీద ఆ తేడాను 400 స్పీడు ఫిల్మును 800గా తీసి డెవలప్ చేయించి దాటవచ్చు. నిజమైన తేడా వ్యూఫైండరులో ఉంది. కె1000లో మధ్య ఉన్న, ఫోకస్ కుదిరిందో లేదో చూపే మైక్రోప్రిజం చుక్కలు మసక గదిలో ఎఫ్/2.8 లెన్సుతో సులభంగా పలుకుతాయి, ఎఫ్/3.5తో కొంచెం మొండికేస్తాయి. అయినా ఎఫ్/3.5 లెన్సు గాజు శుభ్రంగా ఉండి, ఎఫ్/2.8 లెన్సు మబ్బు పట్టి ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా ఎఫ్/3.5నే తీసుకుంటాను.

పెంటాక్స్ పేరు ఉన్నవి దొరకకపోతే వివిటార్ లెన్సులు చూడండి. ఆ కంపెనీ తాను లెన్సులు తయారు చేయకుండా జపానులోని వేర్వేరు కర్మాగారాలలో చేయించేది. సీరియల్ నంబరు మొదటి రెండు అంకెలు 22 అయితే కినో, 28 అయితే కొమినె, 37 అయితే టోకినా చేసినది. ఈ మూడింటిలో ఏదైనా ఫరవాలేదు. అదే పేరుతో వేరే చోట్ల తయారైనవి అంత నిలకడగా ఉండవు.

జవాబు (ఒంగోలు నుంచి)

కావలి పెద్దలు చెప్పిన లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాని ఆ లెక్కను పట్టుకొనే వేరొక మాట చెప్పాలనిపిస్తున్నది. ఇప్పుడే ఏదీ కొనకండి. మీ పెట్టెలో ఉన్న మిర్-1తో ముందు ఒక రీలు తీయండి.

మిర్-1 37 ఎంఎం ఎఫ్/2.8 లెన్సు, 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో గ్రాండ్ ప్రి అందుకున్నది. పది అడుగుల దూరంలో అది దాదాపు తొమ్మిది అడుగుల తొమ్మిది అంగుళాల వెడల్పు చూస్తుంది. అంటే 35 ఎంఎం లెన్సుకు ఆరేడు అంగుళాలే తక్కువ. ఆ ఒక్క రీలు చూసుకుంటే మీకు 35 సరిపోతుందో, 28 తప్పదో మీ కళ్లే చెబుతాయి. మనుషులను ప్రధానంగా తీసేవారికి 35 ఎంఎం చాలాసార్లు 28 కన్నా మేలు చేస్తుంది. అందులో ముఖం ముఖంలాగే ఉంటుంది, వెనక గది కూడా కనిపిస్తుంది. గది మొత్తాన్ని ఒకే చిత్రంలో ఇరికించాలన్న పట్టుదలను కొంచెం సడలించి, పడుగు ఒక చిత్రంగా, నేతకారుడి చేతులు, నాడె (పేక దారాన్ని అటూ ఇటూ నడిపేది) మరొక చిత్రంగా తీసినా ఆ ఇంటి కథ చెడిపోదు.

దానిని కె1000కు ఎలా తగిలించాలన్నది ఇప్పుడు చెబుతాను. స్క్రూ మౌంట్ అంటే 42 ఎంఎం వ్యాసం, ఒక మిల్లీమీటరు పిచ్ ఉన్న మర. కెమెరా ముందరి అంచు నుంచి ఫిల్ముకు ఉండే దూరం ఆ పాత మౌంటులోనూ, పెంటాక్స్ కె మౌంటులోనూ 45.46 మిల్లీమీటర్లే. పెంటాక్స్ వారు తమ పాత స్క్రూ మౌంట్ కెమెరాల ఖాతాదారులను వదులుకోకూడదని అలా ఉంచారు. అందువల్ల మధ్యలో గాజు లేని ఒక సన్నని రింగు అడాప్టరుతో మీ లెన్సు అనంత దూరం దాకా ఫోకస్ అవుతుంది. అయితే ఆ రింగు కెమెరా మౌంటు లోపలికి పూర్తిగా కూర్చునే రకమై ఉండాలి. బయటికి అంచు ఉన్న చౌక రింగులు లెన్సును ఒక మిల్లీమీటరు దాకా ముందుకు నెడతాయి. వాటితో దూరపు ఫోకస్ పోతుంది. కొనేముందు ఆ ఒక్కటి అడిగి తెలుసుకోండి.

మిర్-1లో రెండు రింగులు ఉంటాయి: ఒకదానితో కావలసిన అపర్చర్ ముందుగా పెట్టుకొని, రెండో దానిని తెరిచి ఫోకస్ చేసి, తీసేముందు మూసుకోవాలి. కె1000 మీటరు లెన్సు గుండా వచ్చిన వెలుతురునే చదువుతుంది కాబట్టి రెండో రింగు మూసిన తరువాత సూదిని మధ్యకు తెచ్చుకుంటే ఎక్స్‌పోజర్ సరిగానే వస్తుంది. ఇదే అడాప్టరు మీద వేరే స్క్రూ మౌంట్ లెన్సులు వాడదలిస్తే, వాటికి ఆటో, మాన్యువల్ అని మార్చుకొనే మీట ఉన్నదో లేదో చూడండి. పెంటాక్స్ వారి పాత తాకుమార్ లెన్సులకు అది ఉంటుంది. కేవలం ఆటో మాత్రమే ఉన్న లెన్సులు ఈ రింగు మీద ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండిపోతాయి.

ఒక లోటు చెప్పక తప్పదు. ఆ కాలపు లెన్సులకు ఒకే పొర కోటింగు ఉంటుంది. నేత గదిలో వెలుతురంతా ఒక తలుపు గుండానో, కిటికీ గుండానో వస్తుంది. ఆ తలుపు ఫ్రేములోకి వస్తే నల్లగా ఉండవలసిన మూలలు బూడిద రంగులోకి తిరుగుతాయి. పెంటాక్స్ వారు 1971 నుంచి బహుళ పొరల కోటింగును ఎస్ఎంసీ అనే పేరుతో వాడారు. సూపర్ తాకుమార్ అని మాత్రమే రాసి ఉన్న అంతకు ముందటి వాటికన్నా ఎస్ఎంసీ అని రాసి ఉన్నవి ఇలాంటి వెలుతురును చాలా బాగా తట్టుకుంటాయి. మిర్-1 వాడేటప్పుడు తలుపును వీపు వెనక గాని, పక్కన గాని ఉంచుకోండి.

వైడ్ లెన్సుల నిర్మాణం తెలిస్తే ఎంపికకు ఉపయోగపడుతుంది కనుక రెండు మాటలు చెబుతాను. ఎస్ఎల్ఆర్ కెమెరాలో, అంటే లెన్సు గుండా వచ్చిన దృశ్యాన్ని అద్దంతో చూపించే మీ లాంటి కెమెరాలో, అద్దం పైకి లేవడానికి చోటు కావాలి. ఆ చోటు వల్ల వెనక గాజు ఫిల్ముకు 37 మిల్లీమీటర్ల కన్నా దూరంగానే ఉండాలి, కాని 28 ఎంఎం లెన్సు మామూలు పద్ధతిలో చేస్తే ఇంకా దగ్గరకు రావాలి. ముందు ఒక పెద్ద పుటాకార గాజు పెట్టి వెనక్కు నెట్టే పద్ధతిని ఫ్రాన్సులో ఆంజెన్యూ సంస్థ 1950లో 35 ఎంఎం లెన్సులో తెచ్చింది. జర్మనీలో జైస్ యేనా వారి ఫ్లెక్టోగాన్ లెన్సులు ఆ దారిలోనే వచ్చాయి. ఇలా చేసిన లెన్సులో గాజు ముక్కలు ఎక్కువ. ముక్కలు ఎక్కువైన కొద్దీ ఫంగస్ చేరడానికి ఉపరితలాలూ ఎక్కువే. పాత 50 ఎంఎం లెన్సు కన్నా పాత వైడ్ లెన్సును ఎక్కువ శ్రద్ధగా పరీక్షించి కొనవలసింది అందుకే.

మీ అన్నయ్య గారి ఎఫ్ఎం2 మీద మిర్-1 పనికిరాదు. నికాన్‌లో మౌంటు నుంచి ఫిల్ముకు ఉండే దూరం 46.5 మిల్లీమీటర్లు, గాజు లేని అడాప్టరుతో 37 ఎంఎం లెన్సు నాలుగున్నర అడుగులకు మించి ఫోకస్ కాదు. గాజు ఉన్న చౌక అడాప్టర్లు లెన్సుకున్న పదునును తీసేస్తాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే కొలిచాను. పాటూరులో నాకు అనుమతి ఇచ్చిన ఇంటిలో గది పొడవు పదకొండు అడుగులు, వెడల్పు తొమ్మిది అడుగుల పైన. కెమెరాతో కూర్చుంటే నేతకారుడు ఆరేడు అడుగుల దూరంలో ఉంటారు. లెక్క ప్రకారం మిర్-1లో ఆయన దగ్గర ఆరున్నర అడుగుల వెడల్పే పడుతుంది. ముందు దానితోనే ఒక రీలు తీస్తాను. కాని 28 తప్పదని ఇప్పటికే అనిపిస్తున్నది.

చెన్నైలో ఒక అమ్మకందారు పెంటాక్స్-ఎం 28 ఎంఎం ఎఫ్/2.8 లెన్సు చూపించారు. ధర నాకు అందుబాటులోనే ఉన్నది. లోపల కొద్దిగా ఫంగస్ ఉన్నదని, చిత్రం మీద దాని ప్రభావం ఉండదని అన్నారు. తీసుకోవచ్చునా? మా మేనమామ గారి ఫ్లాష్ కూడా ఉన్నది, అది ఈ లెన్సుతో పనికివస్తుందా?

జవాబు (నెల్లూరు, మూలాపేట నుంచి)

ఫంగస్ గురించి అడిగారు కనుక నేను చెబుతాను, పాత లెన్సులు విప్పి శుభ్రం చేయడం నాకు చాలా కాలంగా అలవాటు. ఆ లెన్సు తీసుకోవద్దని నా సలహా. అమ్మకందారు అబద్ధం చెప్పారని నేను అనను. కొద్దిపాటి ఫంగస్ ఎండలో తీసిన చిత్రంలో నిజంగానే కనిపించదు. మీరు తీసేది తలుపు వెలుతురు ఎదురుగా వచ్చే చీకటి గదిలో. ఫంగస్ దారాలు ఆ వెలుతురును చెదరగొట్టి, ఒంగోలు వారు చెప్పిన బూడిద తెరను ఇంకా దట్టం చేస్తాయి. పైగా అది మన ఊరికి వస్తే తగ్గదు, పెరుగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తక్కిన నెలల్లో సముద్రపు గాలి. మన జిల్లాలో గాలి తేమ 60 శాతం దాటి ఉండే రోజులే ఎక్కువ. ఆ స్థాయి దాటితే ఫంగస్‌కు అడ్డు ఉండదు. అది ఎక్కువ కాలం ఉంటే కోటింగును తినేసి గాజు మీద మచ్చ వదులుతుంది. ఆ తరువాత ఎవరు ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు.

లెన్సు చేతికి వచ్చినప్పుడు ఇలా చూడండి. అపర్చరును పూర్తిగా తెరిచి, వెనక నుంచి చిన్న టార్చి వేసి, ముందు నుంచి కాస్త పక్కగా చూడండి. సాలెగూడు దారాల్లాగా కనిపిస్తే ఫంగస్. గాజంతా పలచని పాలపొరలాగా ఉంటే అది హేజ్, లోపలి నూనె ఆవిరి పేరుకోవడం వల్ల వస్తుంది. ఫంగస్ కన్నా అదే చిత్రాన్ని ఎక్కువ చెడగొడుతుంది, కాని చాలాసార్లు తుడిస్తే పోతుంది. గాజుల అతుకు దగ్గర ఇంద్రధనుస్సు రంగుల మరకలు కనిపిస్తే రెండు గాజులను కలిపిన జిగురు ఊడిందని అర్థం. అలాంటి లెన్సును పక్కన పెట్టేయండి. దుమ్ము రేణువుల గురించి మాత్రం దిగులు పడవద్దు. ముందరి గాజు మీద ఒక గీత ఉన్నా నష్టం తక్కువే, వెనక గాజు మీద గీత ఉంటే నష్టం ఎక్కువ.

తరువాత అపర్చర్ రేకులు. లెన్సు వెనక ఉన్న చిన్న మీటను వేలితో నెట్టి వదిలితే రేకులు తటాలున కదలాలి. నెమ్మదిగా కదిలితే వాటి మీద నూనె చేరిందన్నమాట. షట్టరు తెరిచే లోపల అవి మూసుకోలేవు, చిత్రం ఎక్కువ వెలుతురుతో తెల్లబడుతుంది. ఫోకస్ రింగు మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువుతో తిరగాలి. ఆన్‌లైన్లో కొంటుంటే టార్చి వేసి తీసిన ఫోటో, రేకులు కదిలే వీడియో పంపమని అడగండి. అడిగితే పంపని వారి దగ్గర కొనవద్దు.

కొన్న తరువాత లెన్సును తోలు కేసులో ఉంచవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు, ఒక చిన్న తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకుంటే చాలు. నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే తేమ పట్టిందని గుర్తు, వేడి చేస్తే మళ్లీ పనికివస్తుంది. మైపాడు, కొత్తకోడూరు వైపు వెళ్లి తీసుకువచ్చిన రోజున ఉప్పు తడిని మెత్తని గుడ్డతో తుడిచిన తరువాతనే డబ్బాలో పెట్టండి.

ఫ్లాష్ విషయానికి వస్తే, ఆ కాలపు ఫ్లాష్‌లు చాలావరకు 35 ఎంఎం కోణం దాకానే వెలుతురు పరుస్తాయి. 28 ఎంఎంతో వాడితే ముందు వెడల్పు పరిచే పలక పెట్టకపోతే నాలుగు మూలలూ చీకటిగా వస్తాయి. కె1000లో ఫ్లాష్‌తో వాడవలసిన షట్టరు వేగం సెకనులో 60వ వంతు. గోడకో కప్పుకో కొట్టి తిప్పుదామంటే పెంకుల కప్పు వెలుతురును మింగేస్తుంది. ఇన్ని తిప్పలు పడినా చివరకు ఆ గదికి తనదైన వెలుతురు చిత్రంలో ఉండదు. నేను మీ స్థానంలో ఉంటే ఫ్లాష్ ఇంట్లోనే వదిలి వెళ్తాను.

దాని బదులు హెచ్‌పీ5 ప్లస్ లాంటి 400 ఫిల్మును 1600గా తీసి, డెవలప్ చేసేవారికి ఆ మాట ముందే చెప్పండి. 28 ఎంఎం లెన్సును రెండు మీటర్ల దగ్గర ఫోకస్ పెట్టి, అపర్చరును ఎఫ్/5.6లో ఉంచితే సుమారు నాలుగున్నర అడుగుల నుంచి పదకొండు అడుగుల దాకా స్పష్టంగా ఉంటుంది. మీ గది పొడవు పదకొండు అడుగులే కదా. ఒకసారి అలా పెట్టుకుంటే మసకలో మైక్రోప్రిజంతో కుస్తీ పట్టే అవసరమే రాదు, మీ దృష్టంతా నేతకారుడి చేతుల మీదే ఉండవచ్చు. ఈ సౌకర్యం కోసమే లెన్సు మీద డెప్త్ గీతలు (ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టంగా వస్తుందో తెలిపేవి) స్పష్టంగా చెక్కి ఉన్నదానిని ఎంచుకోమంటాను; పాత మాన్యువల్ లెన్సులకు అది పెద్ద వరం. గోడకు వీపు ఆనించి కూర్చుంటే 30వ వంతు సెకను దాకా చేతితోనే తీయవచ్చు. ఆ వేగంలో నాడె కొంచెం చెదిరి వస్తుంది, మనిషి నిలకడగా వస్తాడు.

జవాబు (కావలి నుంచి)

మూలాపేట వారు చెప్పిన ఫోకస్ పద్ధతి అక్షరాలా పాటించండి. పెళ్లి పందిళ్లలో మేము తీసింది అలాగే.

మీ అన్నయ్య గారి మాట మిగిలింది. రెండు కెమెరాలకూ పనికివచ్చే లెన్సు ఉన్నది. టామ్రాన్ వారు 1979 నుంచి అడాప్టాల్-2 అనే వరస అమ్మారు. అందులో లెన్సు ఒకటే, వెనక మౌంటు రింగును మాత్రం కెమెరాను బట్టి మార్చుకోవచ్చు. 28 ఎంఎం ఎఫ్/2.5, 24 ఎంఎం ఎఫ్/2.5 రెండూ ఉన్నాయి. ఇవి స్క్రూ మౌంట్ అడాప్టర్లలాంటివి కావు. కెమెరాతో అపర్చర్ సంబంధం అంతా ఉంటుంది, దూరపు ఫోకస్ కూడా పోదు. పెంటాక్స్ కె రింగు, నికాన్ ఏఐ (పెట్టిన అపర్చరును కెమెరా మీటరుకు తెలిపే నికాన్ పద్ధతి) రింగు రెండూ చేతికి వచ్చాకనే లెన్సుకు డబ్బు ఇవ్వండి. రింగు తరువాత వెతుక్కుందామని లెన్సు ఒక్కటే కొంటే అది అలమారలో ఉండిపోతుంది.

అయినా నా మనసులో మాట చెబుతాను. నెల్లూరులో ఒకరు, ఒంగోలులో ఒకరు ఉండి ఒక లెన్సు పంచుకుంటే, కావలసిన రోజున అది ఎప్పుడూ ఎదుటి ఊళ్లోనే ఉంటుంది. ఆయనకు నికాన్ సొంత లెన్సే మేలు. 1981లో వచ్చిన నిక్కార్ 28 ఎంఎం ఎఫ్/2.8 ఏఐ-ఎస్ 20 సెంటీమీటర్ల దగ్గర దాకా ఫోకస్ అవుతుంది, దగ్గరి వస్తువులకు పదును తగ్గకుండా లోపల గాజులు విడిగా కదులుతాయి. అంత ఖర్చు వద్దనుకుంటే అదే కొలతలో సిరీస్-ఇ లెన్సు చౌకగా దొరుకుతుంది. నిర్మాణం సాదా, కాని ఎఫ్/5.6 దగ్గర మంచి చిత్రమే ఇస్తుంది. ఒక్క ప్రమాదం గురించి ఆయనను తప్పకుండా హెచ్చరించండి: 1977కు ముందటి, ఏఐగా మార్చని నిక్కార్ లెన్సులను ఎఫ్ఎం2కు బిగించకూడదు. పాత ఎఫ్ఎంలో అపర్చరును మీటరుకు తెలిపే చిన్న మీటను పక్కకు మడిచే వీలు ఉండేది. ఎఫ్ఎం2లో ఆ వీలు లేదు, బలవంతంగా తిప్పితే మౌంటు దగ్గరి మీట విరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టత వచ్చింది. చెన్నై లెన్సు వద్దని చెప్పేశాను. మొదటి రీలు మిర్-1తో తీస్తాను. ఎం వరస 28 ఎంఎం ఎఫ్/3.5 గాని, శుభ్రమైన ఎఫ్/2.8 గాని దొరికేదాకా వెతుకుతాను. అన్నయ్యకు సిరీస్-ఇ గురించి చెప్పాను, ఆయనకు నచ్చింది. అడాప్టరు రింగు సరిగా కూర్చున్నదీ లేనిదీ ఫిల్ము పెట్టకముందే తెలుసుకొనే మార్గం ఏదైనా ఉన్నదా?

జవాబు (ఒంగోలు నుంచి)

ఉన్నది. పెన్నా గట్టున నిలబడి, అర కిలోమీటరు పైన ఉన్న దేనినైనా, రంగనాథస్వామి ఆలయ గాలిగోపురమే అనుకోండి, మిర్-1ను ఎఫ్/2.8లో ఉంచి ఫోకస్ చేయండి. రింగు అనంతం గుర్తు దాకా తిరిగేసరికి గోపురం బొమ్మలు పదునుగా రావాలి. రింగు చివరకు వచ్చి ఆగిపోయినా బొమ్మలు ఇంకా మసకగానే ఉన్నాయంటే అడాప్టరు లెన్సును ముందుకు నెడుతున్నదన్నమాట. గుర్తు రాకముందే పదునెక్కి, ఇంకా తిప్పితే మళ్లీ మసకబారితే లెన్సు ఎవరో విప్పి సరిగా బిగించలేదని అర్థం. గదిలో తీయడానికి అది అడ్డు కాదు, కాని దూరపు అంకెలను నమ్మి ఫోకస్ పెట్టే పద్ధతి దానితో కుదరదు, ప్రతిసారీ వ్యూఫైండరులోనే చూసి పెట్టుకోవలసి వస్తుంది. 28 ఎంఎం కొన్న రోజున కూడా ఇదే పరీక్ష చేయండి. మీరు రెండు మీటర్ల గుర్తును నమ్మి తీయబోతున్నారు కాబట్టి టేపుతో రెండు మీటర్లు కొలిచి, ఫిల్ము ఉండే స్థానాన్ని తెలిపే గీత కెమెరా పైన ఉంటే అక్కడి నుంచి కొలిచి, ఆ గుర్తు నిజం చెబుతున్నదో లేదో ఒక దినపత్రిక అక్షరాల మీద చూసుకోండి.